తాళాలు ఫాదర్ గారి దగ్గరే ఉంటాయి, తోట మాత్రం ఆయనది కాదు

ప్రశ్న: మాది కథోలిక కుటుంబం. తాతల కాలం నుంచి ఒకే విచారణలో (పారిష్‌లో) ఉన్నాం. నాలుగు నెలల క్రితం మా అమ్మ చనిపోయింది. సమాధుల తోటలో చోటు అడిగితే విచారణ గురువు మూడు కారణాలు చెప్పి కుదరదన్నారు. మా ఇంటి చందా కొన్నేళ్లుగా బాకీ ఉందట. అమ్మ చాలాకాలంగా ఆదివారం పూజకు రావడం లేదట (ఆమె మంచం పట్టి ఉంది). మా తమ్ముడు చర్చి బయట పెళ్లి చేసుకున్నాడట. వేరే దారి లేక ప్రభుత్వ శ్మశానంలో పెట్టాం. ఉపదేశి గారు (గురువు కాని బోధకుడు) వచ్చి ప్రార్థన చేశారు. ఇప్పుడు సమాధుల తోటను ఆనుకుని మా తాతయ్య రాసిచ్చిన స్థలాన్ని దుకాణాల కోసం లీజుకు ఇస్తారని తెలిసింది. వెళ్లి అడిగితే "విచారణ ఆస్తి మీద సర్వాధికారం నాదే" అన్నారు. తమ్ముడు కోర్టుకు వెళ్దామంటున్నాడు, అమ్మ శరీరాన్ని తీసి తోటకు మార్చాలంటున్నాడు. నాకు గొడవ ఇష్టం లేదు, జరిగింది మింగుడు పడటమూ లేదు. ఫాదర్ గారికి నిజంగా ఎంత అధికారం ఉంది? మేము ఏం చేయాలి?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో రెండు తగాదాలు ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. ఒకటి అమ్మ సమాధి, రెండోది తాతయ్య ఇచ్చిన స్థలం. ఎదురుగా ఉన్న మనిషి ఒక్కరే కాబట్టి మీకు రెండూ ఒకటే అనిపిస్తోంది. శ్రీసభ (కథోలిక సభ) చట్టంలో మాత్రం ఇవి వేర్వేరు చోట్ల ఉన్నాయి. రెండింటిలో ఫాదర్ గారికి ఉన్న అధికారం ఒకే కొలతలో లేదు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు రాసిన మూడే ఆయన చెప్పిన కారణాలైతే, వాటిని చూపించి అమ్మకు తోటలో చోటు లేదనే అధికారం ఆయనకు లేదు. స్థలం విషయంలో ఆయనకు బాధ్యత ఉంది, సంతకం ఉంది. తనంతట తానే దుకాణాలకు రాసిచ్చే అధికారం లేదు. నేను ఒక పక్షం మాటే విన్నానని గుర్తుంచుకుని మిగతాది చదవండి. ఆయన చెప్పిన నాలుగో కారణం ఏదైనా ఉండి మీరు రాయకపోతే నా జవాబు కొంత మారుతుంది.

మీ మాటలను బట్టి లాటిన్ రీతి (రోమన్ కథోలిక పద్ధతి) విచారణ అనుకుని రాస్తున్నాను. దానికి 1983లో వెలువడిన కానన్ చట్టసంహిత ఆధారం; కానన్ అంటే అందులోని ఒక్కో నియమం. తూర్పు రీతి కథోలిక సభలకు 1990 నాటి వేరే సంహిత ఉంది. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎవరి నియమావళి వారిది, కాబట్టి ఆ పాఠకులు ఈ సంఖ్యలను తమ సంఘానికి అంటగట్టుకోవద్దని మనవి.

అమ్మ సంగతి మొదట. మరణించిన విశ్వాసులకు శ్రీసభ అంత్యక్రియలు జరపాలని కానన్ 1176 చెబుతుంది. జరపవచ్చు అని కాదు, జరపాలి అని. కానన్ 1180 ఇంకా స్పష్టంగా ఉంది: విచారణకు సొంత సమాధుల తోట ఉంటే అక్కడి విశ్వాసులను అందులోనే సమాధి చేయాలి, చనిపోయిన వ్యక్తి గానీ అంత్యక్రియలు చూసుకునే వారు గానీ న్యాయంగా మరో తోటను ఎంచుకుంటే తప్ప. అంటే ఎంపిక హక్కు కుటుంబం వైపు ఉంది. ఫాదర్ గారు "నేను అనుమతిస్తేనే" అనే మెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టారు. చట్టం మొదలుపెట్టేది "ఆమెది ఆ చోటు" అనే మెట్టు దగ్గర.

కాదనడానికి చట్టం ఒప్పుకునే సందర్భాలు కానన్ 1184లో ఉన్నాయి, అవి మూడే. విశ్వాసాన్ని బాహాటంగా విడిచిపెట్టిన వారు, దాన్ని బహిరంగంగా తిరస్కరించిన వారు, సభ నుంచి చీలిపోయిన వారు ఒక రకం. క్రైస్తవ విశ్వాసాన్ని ధిక్కరించే ఉద్దేశంతో దహనాన్ని కోరుకున్న వారు రెండో రకం. అంత్యక్రియలు జరిపితే విశ్వాసులకు అపకీర్తి, కలత కలిగించేంత బహిరంగ పాపంలో ఉన్నవారు మూడో రకం. వీరిలోనూ చావుకు ముందు పశ్చాత్తాపం సూచించే గుర్తు ఏదైనా కనిపిస్తే నిషేధం తొలగిపోతుంది. ఏ కొంచెం సందేహం వచ్చినా విచారణ గురువు సొంతంగా తేల్చకూడదు. బిషప్ గారిని గానీ ఆయన ప్రతినిధి అయిన వికార్ జనరల్‌ను గానీ అడిగి, వారు చెప్పినట్టు నడుచుకోవాలి. హక్కును కుదించే నియమాన్ని సాగదీసి అన్వయించకూడదని కానన్ 18 వేరే హెచ్చరిస్తోంది. మూడు రకాలున్న జాబితాను అవసరానికి ఆరు చేయడం కుదరదన్నమాట.

ఇప్పుడు ఆయన కారణాలు చూద్దాం. చందా బాకీ ఆ జాబితాలో లేదు. సభ అవసరాలకు సాయపడటం విశ్వాసుల బాధ్యతే, కానన్ 222 ఆ మాట చెబుతుంది. మీ ఇల్లు ఆ బాధ్యత మరిచిపోతే ఆయన గుర్తుచేయడంలో తప్పులేదు. కానీ చందా కట్టినంత కాలమే విచారణ సభ్యత్వం అనుకోవడం క్లబ్బుల లెక్క, సభ లెక్క కాదు. సాధారణంగా విచారణ అంటే ఒక ప్రాంతం. ఆ హద్దుల్లో స్థిరంగా నివసించే కథోలికులందరూ అందులోని వారే. అంత్యక్రియల కానుకల విషయంలో కానన్ 1181 రెండు మాటలు చెబుతుంది: మనుషుల మధ్య పక్షపాతం చూపకూడదు, పేదలకు తగిన అంత్యక్రియలు దక్కకుండా పోకూడదు. సంస్కారాల దగ్గర ఇచ్చే కానుక ధరలాగా, పన్నులాగా కనిపించకూడదని వాటికన్‌లోని గురువుల వ్యవహారాల విభాగం 2020లో విచారణల గురించి వెలువరించిన సూచనల్లో మళ్లీ చెప్పింది. బాకీ రశీదు చూపించి శవపేటికను ఆపడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

పూజకు రాలేదన్నది ఇంకా బలహీనమైన కారణం. మంచం పట్టిన మనిషికి ఆదివారపు పూజ బాధ్యతే ఉండదు. పైగా కానన్ 529 రోగులను, ముఖ్యంగా మరణానికి దగ్గరలో ఉన్నవారిని సంస్కారాలతో ఆదుకునే పనిని విచారణ గురువు విధుల్లోనే చేర్చింది. ఆమె గుడికి రాలేదని ఆయన లెక్క రాసుకుంటే, ఆయన ఆమె మంచం దగ్గరకు ఎన్నిసార్లు వచ్చారనే లెక్క కూడా పక్కన రాయాల్సి వస్తుంది. ఈ వాక్యాన్ని మీ దరఖాస్తులో పెట్టకండి. నేను రాశాను, చాలు.

మూడో కారణం, తమ్ముడి పెళ్లి. కొడుకు చేసిన దానికి తల్లి శవాన్ని శిక్షించే నియమం ఆ సంహితలో ఎక్కడా లేదు. అంతకంటే దీని మీద రాయడానికి ఏమీ లేదు.

అలాగని సమాధుల తోటలో ఫాదర్ గారికి ఏ అధికారమూ లేదని తమ్ముడు అనుకోకూడదు. ఏ వరుసలో ఏ గుంట, ఏ సమయం, రాయి ఎంత ఎత్తు, దాని మీద ఏమి రాయవచ్చు, పాత సమాధిని ఎన్నేళ్లకు మళ్లీ తవ్వవచ్చు వంటివన్నీ మేత్రాసన (బిషప్ గారి పరిధిలోని ప్రాంతం) నియమాల ప్రకారం నడిపేది ఆయనే. తోటల క్రమశిక్షణకు స్థానిక నియమాలు ఏర్పరచాలని కానన్ 1243 కోరుతోంది. మరణ ధ్రువపత్రం అడగవచ్చు. మేత్రాసనం నిర్ణయించిన రుసుము ఉంటే అడగవచ్చు, లేనివారికి దాన్ని వదిలిపెట్టాలి. తోట నిండిపోయిందని, ప్రభుత్వం మూసివేయమందని చెప్పే పరిస్థితి వస్తే అదీ సరైన కారణమే. ఎలా, ఎక్కడ, ఎప్పుడు అనేవి ఆయన చేతిలో ఉన్నాయి. ఒక విశ్వాసికి చోటు ఉందా లేదా అన్నది చాలా అరుదుగా తప్ప ఆయన చేతిలో లేదు.

మీకు సంబంధం లేకపోయినా మరికొందరు పాఠకుల కోసం ఇక్కడే రెండు మాటలు. ఆత్మహత్య చేసుకున్న వారికి అంత్యక్రియలు లేవని ఇప్పటికీ చెప్పేవారున్నారు. 1917 నాటి పాత సంహితలో అలాంటి నిషేధం ఉండేది. 1983 సంహిత దాన్ని తీసేసింది. దహనంపై నిషేధం 1963లోనే సడలింది, అయితే అస్థికలను పవిత్ర స్థలంలో భద్రపరచాలని, వెదజల్లకూడదని 2016లో వాటికన్ స్పష్టం చేసింది. జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుంటుండగానే చనిపోయిన పసిబిడ్డకు కూడా బిషప్ గారి అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరపవచ్చు. ఈ విషయాల్లో ఎవరైనా "రూల్ ఒప్పుకోదు" అంటే ఏ సంవత్సరపు రూల్ అని మర్యాదగా అడగండి.

ఇక జరిగిపోయిన దానికి ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, నోటిమాటను కాగితం మీదకు తీసుకురండి. మీకు జరిగిన నిరాకరణ గాల్లో ఉంది. రేపు బిషప్ గారి ఎదుట "నేను అలా అనలేదు, వాళ్లే వేరే చోటు చూసుకున్నారు" అంటే మీ దగ్గర ఏమీ ఉండదు. కాబట్టి విచారణ గురువుకు ఒక పేజీ మించని దరఖాస్తు రాయండి. కోపం వద్దు. ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ఫాదర్ గారికి, మా తల్లి జ్ఞానస్నానం పొంది, చివరి వరకు ఈ విచారణ పరిధిలోనే నివసించిన విశ్వాసి. ఆమెను సమాధుల తోటలో ఉంచడానికి మేము కోరినప్పుడు మీరు అంగీకరించలేదు. కానన్ 1176, 1180, 1184లను దృష్టిలో ఉంచుకుని, ఆమె కోసం దివ్యబలి పూజ అర్పించాలని, ఆమె సమాధిని ఆశీర్వదించాలని, మృతుల రిజిస్టరులో ఆమె పేరు నమోదు చేయాలని కోరుతున్నాం. ఇందులో దేనినైనా అంగీకరించలేకపోతే కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు ప్రతులు తీసుకుని ఒకదానిపై అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఆయన రాతపూర్వకంగా కాదంటే, ఆ కాగితం మీ చేతికి అందిన నాటి నుంచి 15 రోజుల్లో బిషప్ గారికి అప్పీలు చేయాలి. కానన్ 1737 ఈ గడువు పెట్టింది. మీకు విషయం తెలియని రోజులు, ఏమీ చేయలేని స్థితిలో ఉన్న రోజులు ఇందులో లెక్కకు రావు. మీరు అడుగుతున్నది బిషప్ గారి కింద ఉన్న అధికారి నిర్ణయం గురించి కాబట్టి, దాన్ని మార్చమని మళ్లీ ఫాదర్ గారినే అడిగే మెట్టు తప్పనిసరి కాదు. అసలు జవాబే రాకపోతే? కానన్ 57 ప్రకారం మూడు నెలలు మౌనంగా ఉంటే కాదన్నట్టే లెక్క, అప్పుడు అప్పీలుకు దారి తెరుచుకుంటుంది. నాలుగు నెలల నాటి నోటిమాట మీద కొట్టుకోవడం కంటే ఈ కొత్త దరఖాస్తు మీకు గట్టి నేల ఇస్తుంది.

పూజ కోసం ఆయన ఒప్పుకునే దాకా ఎదురుచూడాల్సిన పని కూడా లేదు. బతికి ఉన్నవారి కోసమైనా, చనిపోయినవారి కోసమైనా ఏ గురువైనా పూజ అర్పించవచ్చని కానన్ 901 చెబుతోంది. పక్క విచారణ గురువును అడగండి. ఉపదేశి గారు వచ్చి ప్రార్థన చేశారన్నారు. ఆ మనిషి ధైర్యాన్ని నేను తక్కువ చేయను. అయినా గురువు చేతుల మీదుగా జరగాల్సినది జరగలేదన్న వెలితి మీ ఉత్తరం నిండా ఉంది, ఆ వెలితిని ఇంత దూరం మోయనవసరం లేదు.

శరీరాన్ని మార్చడం గురించి తమ్ముడితో నేను ఏకీభవించను. సమాధిని తెరవడానికి దాదాపు ప్రతిచోటా ప్రభుత్వాధికారుల అనుమతి, ఆరోగ్య శాఖ షరతులు ఉంటాయి. అది ఒక అడ్డంకి. అసలు ప్రశ్న అమ్మకు అక్కడ లోటేమైనా ఉందా అన్నది. సభకు సొంత తోట గానీ, ప్రభుత్వ శ్మశానంలో విడిగా కేటాయించిన చోటు గానీ లేనప్పుడు ఒక్కో సమాధిని విడివిడిగా ఆశీర్వదించాలని కానన్ 1240 చెబుతోంది. అంటే ప్రభుత్వ శ్మశానంలోని గుంట సభ దృష్టిలో అపవిత్రమైనది కాదు. ఆశీర్వదించిన మట్టి ఎక్కడైనా ఆశీర్వదించినదే. ఆమె బతికుండగా నాన్న పక్కన పడుకోవాలని కోరి ఉంటే అది వేరే విషయం, అప్పుడు మార్పిడికి ప్రయత్నించండి. ఫాదర్ గారిని ఓడించడానికైతే మాత్రం అమ్మను కదపకండి.

కోర్టు గురించి ఆలోచించేటప్పుడు కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన ఒక కథ తెలుసుకోవడం మంచిది. జోసెఫ్ గిబోర్ అనే ముద్రాపకుడు 1869 నవంబరులో చనిపోయాడు. నిషిద్ధ గ్రంథాలు ఉంచుకున్న ఒక పఠన సంఘంలో సభ్యుడన్న కారణంతో కథోలిక తోటలో అతనికి మామూలు సమాధి నిరాకరించారు. ఆశీర్వదించని మూలలో, ప్రార్థనలు లేకుండా అయితే ఇస్తామన్నారు. భార్య హెన్రియెట్ బ్రౌన్ ఒప్పుకోలేదు, కోర్టుకెక్కింది. శవపేటిక ప్రొటెస్టెంట్ శ్మశానంలోని గదిలో ఉండిపోయింది. కేసు కోర్టు నుంచి కోర్టుకు ఎక్కి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు (అప్పట్లో బ్రిటిష్ వలసల చివరి అప్పీలు న్యాయస్థానం) చేరింది. 1874లో తీర్పు గిబోర్ పక్షానే వచ్చింది, కానీ దాన్ని వినడానికి భార్య లేదు. 1873లోనే ఆమె చనిపోయింది. 1875 సెప్టెంబరులో పేటికను తీసుకువెళ్తే జనం గేట్లు మూసి రాళ్లు రువ్వారు. చివరికి నవంబరులో వెయ్యికి పైగా సైనికుల కాపలాలో అతన్ని భార్య సమాధిలోనే పెట్టారు, ఎవరూ తవ్వకుండా సిమెంటు పోశారు. బిషప్ ఇగ్నాస్ బూర్జే ఆ ఒక్క గుంటను పవిత్ర భూమి నుంచి వేరుచేసినట్టు ప్రకటించారు.

ఆ కేసులో న్యాయం ఎవరిదన్న చర్చ మనకు వద్దు. నేను చూపించదలచుకున్నది ఒకటే. న్యాయస్థానం భూమిని ఇప్పించగలిగింది, సైన్యాన్ని తోడు పంపగలిగింది. ఒక ప్రార్థనను మాత్రం ఇప్పించలేకపోయింది. మీకు కావలసింది ఆరడుగుల నేల అయితే కోర్టు దారి ఉంది. పూజ, ఆశీర్వాదం, రిజిస్టరులో పేరు కావాలంటే అవి బిషప్ గారి దగ్గరే దొరుకుతాయి.

తాతయ్య స్థలం విషయంలో నా లెక్క వేరు. అక్కడ కాగితం, గడువు, చివరికి కోర్టు కూడా పనికొస్తాయి.

"సర్వాధికారం నాదే" అన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. చట్టపరమైన అన్ని వ్యవహారాల్లోనూ విచారణ తరఫున నిలబడేది విచారణ గురువేనని కానన్ 532 అంటుంది. అయితే ఆ వాక్యం అక్కడితో ఆగదు, ఆస్తులను 1281 నుంచి 1288 వరకు ఉన్న నియమాల ప్రకారం నిర్వహించాలని కూడా అంటుంది. చాలామందికి మొదటి సగమే కంఠస్థం. సభ చట్టం దృష్టిలో విచారణ అనేది తనకు తానే ఒక చట్టబద్ధ వ్యక్తి. సక్రమంగా సంపాదించుకున్న ఆస్తికి యజమాని ఆ వ్యక్తే. ఫాదర్ గారు కాదు. "మేం చందాలు వేసి కొన్నాం కాబట్టి మాది" అనే పెద్దలూ కాదు. మీ తాతయ్య రాసిచ్చిన రోజు నుంచి మీ కుటుంబమూ కాదు. ఈ చివరి మాట తమ్ముడికి రుచించకపోవచ్చు, కానీ అతను ఆస్తి వారసుడిలా మాట్లాడిన క్షణం మీ వాదన బలం తగ్గుతుంది. మీకున్న బలం వారసత్వంలో లేదు, దాత ఉద్దేశంలో ఉంది.

ఒక ప్రయోజనం కోసం విశ్వాసులు ఇచ్చిన దాన్ని ఆ ప్రయోజనానికే వాడాలని కానన్ 1267 చెబుతోంది. పుణ్యకార్యాలకు ఇచ్చిన వారి కోరికను జాగ్రత్తగా నెరవేర్చాలని కానన్ 1300 చెబుతోంది. కాబట్టి మొదట వెతకాల్సింది దానపత్రం. అందులో "సమాధుల నిమిత్తం" అని ఉందా, "విచారణ అవసరాల కోసం" అని ఉందా, అసలు ఏ కారణమూ లేకుండా ఉందా? మొదటిదైతే దుకాణాల ఆలోచనకు అక్కడే పెద్ద గండి పడుతుంది. రెండోదైతే దుకాణాల అద్దెను విచారణ అవసరంగా చూపించే అవకాశం వారికి ఉంటుంది. పత్రంలో గ్రహీతగా ఎవరి పేరుందో కూడా చూడండి. విచారణను చట్టబద్ధ వ్యక్తిగా గుర్తించని దేశాల్లో భూములు బిషప్ పేరునో, ట్రస్టు పేరునో, సొసైటీ పేరునో ఉంటాయి. కోర్టు గుమ్మం ఎక్కితే లెక్కకు వచ్చేది మొదట ఆ పేరే.

రెండో కాగితం ఇంకా ఆసక్తికరమైనది. ఆ స్థలాన్ని ఎప్పుడైనా సమాధుల కోసం ఆశీర్వదించారా? ఆశీర్వదించి ఉంటే అది చట్టప్రకారం పవిత్ర స్థలం. సమాధుల తోటను ఆశీర్వదించినప్పుడు ఒక పత్రం రాయాలని, దాని ప్రతి ఒకటి మేత్రాసన కార్యాలయంలో, ఒకటి దేవాలయ దస్త్రాల్లో ఉంచాలని కానన్ 1208 ఆదేశిస్తోంది. పవిత్ర స్థలంలో ఆరాధనకు, భక్తికి పనికొచ్చేవే ఉండాలి. వేరే ఉపయోగానికి ఒక్కో సందర్భంలో బిషప్ గారు అనుమతించవచ్చు, అది ఆ స్థలం పవిత్రతకు విరుద్ధం కానంతవరకే. శాశ్వతంగా లౌకిక అవసరాలకు మార్చాలంటే ఆయన ఉత్తర్వు కావాలి. ఆ ఉత్తర్వుపై సంతకం చేసే అధికారం విచారణ గురువుకు లేదు.

అసలు లీజు ఎవరు ఇవ్వగలరు? దేవాలయం కప్పు బాగు చేయించడం, జీతాలివ్వడం, కరెంటు బిల్లు కట్టడం మామూలు నిర్వహణ కిందకి వస్తాయి, వాటికి ఫాదర్ గారు చాలు. మామూలు నిర్వహణ దాటిన పని చేయాలంటే బిషప్ గారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి, లేకపోతే ఆ పని చెల్లదని కానన్ 1281 చెబుతోంది. సభ ఆస్తుల లీజుకు ప్రత్యేకంగా ఆయా దేశాల బిషప్పుల సమాఖ్య నియమాలు పెడుతుంది. ఆస్తి విలువను దెబ్బతీసేంత దీర్ఘకాలపు లీజు అయితే అమ్మకానికి ఉన్న నియమాలే వర్తిస్తాయి: తగిన కారణం చూపాలి, నిపుణుల చేత విలువ కట్టించి రాతలో ఉంచాలి, నిర్ణీత మొత్తం దాటితే బిషప్ గారు కూడా మేత్రాసన ఆర్థిక మండలి, సలహా గురువుల మండలి సమ్మతి లేకుండా ముందుకు వెళ్లలేరు. ఇంకా పైమొత్తాలకు వాటికన్ అనుమతి కావాలి. దుకాణాలు తీసుకునేవారు నిర్వాహకుడి దగ్గరి బంధువులైతే ప్రత్యేక రాతపూర్వక అనుమతి లేకుండా ఇవ్వకూడదని కానన్ 1298 వేరే కట్టడి పెట్టింది. మీ విచారణలో అలా ఉందని నేను అనడం లేదు. ఎవరికి ఇస్తున్నారో అడిగే హక్కు మీకుందని అంటున్నాను.

ఎవరిని అడగాలి? ప్రతి విచారణకు ఆర్థిక మండలి తప్పనిసరి. చాలామంది దీన్ని విచారణ సలహా మండలితో కలిపేస్తారు. సలహా మండలి బిషప్ గారు అవసరమనుకుంటే ఏర్పడుతుంది, ఆర్థిక మండలి లేకుండా మాత్రం విచారణ ఉండకూడదు. మీ దగ్గర అందులో ఎవరున్నారో కనుక్కోండి, ఈ లీజు గురించి వారి ముందుకు వచ్చిందా అని అడగండి. నిరాశ పడకుండా ఒక సంగతి ముందే తెలుసుకోండి: ఆ మండలి ఫాదర్ గారికి తోడ్పడేది, ఆయన్ని ఓటుతో ఓడించేది కాదు. "కమిటీలో మెజారిటీ మాది" అన్న ధీమాతో వెళ్లినవారు ఖాళీ చేతులతో తిరిగి రావడం ఇందుకే. నిజమైన అడ్డుకట్ట పైన, బిషప్ గారి దగ్గర ఉంది. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్కలు విశ్వాసులకు చెప్పాలని కానన్ 1287 అంటోంది. ప్రతి నిర్వాహకుడూ బాధ్యత చేపట్టేటప్పుడు ప్రమాణం చేసి, స్థిరాస్తుల జాబితా తయారుచేసి ఒక ప్రతిని మేత్రాసన కార్యాలయంలో ఉంచాలని కానన్ 1283 అంటోంది. మీ తాతయ్య స్థలం ఆ జాబితాలో ఏమని రాసి ఉందో తెలిస్తే సగం వివాదం అక్కడే తేలుతుంది.

ఈ స్థలం విషయంలో ఆలస్యం చేయకండి. సభ చట్టం ప్రకారం చెల్లని ఒప్పందం దేశ చట్టం ప్రకారం చెల్లిపోయే ప్రమాదం ఉంది. సంహితే ఆ పరిస్థితిని ఊహించి కానన్ 1296 రాసుకుంది. పునాది తవ్వాక బిషప్ గారు విచారించి ప్రయోజనం తక్కువ. కాబట్టి దానపత్రం నకలు జతచేసి, మీ తాతయ్య వంశస్థులుగా కాక విశ్వాసులుగా, వీలైతే విచారణలోని మరికొందరి సంతకాలతో, బిషప్ గారికి ఇప్పుడే రాయండి. సభ మేలుకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయాన్ని గురువులకు తెలియజేసే హక్కు, ఒక్కోసారి బాధ్యత కూడా విశ్వాసులకు ఉందని కానన్ 212 మాట. లీజుకు రాతపూర్వక అనుమతి ఇచ్చారా, ఇచ్చి ఉంటే దాత ఉద్దేశాన్ని పరిశీలించారా అన్న రెండు ప్రశ్నలు చాలు. జవాబు రాకుండా ఒప్పందం మీద సంతకాలు అయ్యేలా కనిపిస్తే, అప్పుడు న్యాయవాదిని కలిసి దేశ చట్టం కింద దాన్ని ఆపించే మార్గం ఉందేమో చూడండి. ఇక్కడ తమ్ముడి దూకుడు పనికొస్తుంది. ఆస్తులను తప్పుగా అన్యాక్రాంతం చేసినవారికి శిక్షలను 2021లో సవరించిన శిక్షా నియమాలు గట్టి చేశాయన్నది నిజమే, కానీ ఆ మాటను బెదిరింపుగా వాడవద్దు. ఆధారాలు లేని ఆరోపణ ఒక్కటి ఉత్తరంలో దొర్లితే మిగిలిన పేజీ అంతా ఎవరూ చదవరు.

రెండు ఉత్తరాలనూ ఒకే కవరులో పంపకండి. అమ్మ దరఖాస్తులో స్థలం ఊసు వస్తే, స్థలం కోసం అమ్మను అడ్డం పెట్టుకున్నారని అంటారు. స్థలం ఉత్తరంలో అమ్మ ఊసు వస్తే కక్ష అంటారు. సంతకాలు కూడా వేరుగా ఉంటే మంచిది: అమ్మది మీరు రాయండి, స్థలానిది తమ్ముడిని రాయనివ్వండి. చందా బాకీ ఉన్నమాట నిజమైతే, ఈ రెండింటితో ముడిపెట్టకుండా, మీకు వీలైనంత కట్టేసి రశీదు తీసుకోండి. తమ్ముడి పెళ్లిని సభలో సరిచేసుకునే మార్గాలు ఉన్నాయి. అతనికీ అతని భార్యకీ కోరిక ఉంటే అది వాళ్లు మాట్లాడుకోవాల్సిన సంగతి. అమ్మ దరఖాస్తుకు దాన్ని షరతుగా ఎవరు పెట్టినా, ఆ షరతును కూడా రాసి ఇమ్మని అడగండి.